నిలబడిన బండికి బత్తా లేదు

చిత్తూరు నుంచి బెంగళూరు పోయే పాత రోడ్డు బంగారుపాళెం దాటినాక మొగిలి కనుమ ఎక్కుతుంది. పైన పలమనేరు. ఊటీ ఇంకా ఇంగ్లీషువాళ్ళ కంట పడని రోజుల్లో మద్రాసు దొరలు ఎండలకు తట్టుకోలేక చల్లగాలికి పలమనేరు వచ్చేవాళ్ళంట. ఆ దారే తరువాత మద్రాసు నుంచి బొంబాయి దాకా పోయే నాలుగో నంబరు జాతీయ రహదారిలో కలిసింది. రాణిపేట, చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు, బెంగళూరు. మా పక్క పల్లెల్లో సేద్యం చాలని ఇళ్ళ మగపిల్లలు లారీ ఎక్కినారంటే ఈ రోడ్డు వాకిట్లో ఉండబట్టే. ఇప్పుడు అదే పల్లెల్లో దూరం పోయే డ్రైవరు కావాలంటే దొరకడం కష్టం. అందరూ లోకల్ తోలతామంటున్నారు. ఈ కాలం పిల్లోళ్ళకు ఒళ్ళు వంగదని సావుకార్లు అంటారు. నేను రెండు పనులూ చేసినవాడిని. ఆ మాట తప్పని చెప్పాలంటే ఈ రోడ్డు కథంతా చెప్పాల్సిందే.

నేను 1984లో క్లీనరుగా ఎక్కినాను. చిత్తూరు బెల్లం మండీలో లోడెత్తుకుని తమిళనాడుకు పోయే లేలాండ్ బండి అది. పవర్ స్టీరింగు లేదు. మలుపు తిప్పాలంటే డ్రైవరన్న సీట్లోంచి సగం పైకి లేచేవాడు. నా పని టార్పాలు కట్టడం, ఇనుపరాడ్డుతో టైరు కొట్టి సద్దును బట్టి గాలి ఎంతుందో చెప్పడం, కనుమలో బండి ఆగితే దూకి చక్రం కింద మొద్దు పెట్టడం. మొగిలి కనుమలోనే ఆయన నాకు మొదటి పాఠం చెప్పినాడు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల నాయనా. బ్రేకును నమ్ముకున్నామంటే మనల్ని కింద ఊరోళ్ళు ఎత్తుకపోవాల." ఇప్పటికీ అది పాతబడిన మాట కాదు. 2024 సెప్టెంబరులో ఇదే కనుమలో ఆర్టీసీ బస్సు, లారీలు గుద్దుకుని ప్రాణాలు పోయినాయి.

అప్పటికి లారీలు దేశమంతా తిరగడం మొదలై పదేళ్ళు కాలేదు. అంతకుముందు రాష్ట్రం దాటాలంటే పక్క రాష్ట్రం వాళ్ళతో పర్మిట్ మీద కౌంటర్ సంతకం పెట్టించుకోవాల. 1975లో నేషనల్ పర్మిట్ వచ్చింది. సొంత రాష్ట్రంతో కలిపి ఇంకొన్ని రాష్ట్రాలు రాయించుకుని తిరిగే వీలు దొరికింది. ఆ పర్మిట్‌తోనే మా జిల్లా సరుకు ఉత్తరాదికి దారి పట్టింది. దామలచెరువు మండీలో మామిడికాయ ఎత్తుకుని ఢిల్లీ ఆజాద్‌పూర్ పోయేవాళ్ళం. మదనపల్లె టమాటా కూడా అంతే. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, ఆదిలాబాద్, నాగపూర్, ఇంకా పైకి. రెండు వేల కిలోమీటర్లకు మించిన దారి. రైలులో పంపరాదా అని ఇప్పటివాళ్ళు అడుగుతారు. పాకాల నుంచి ధర్మవరం పోయే లైను అప్పట్లో మీటర్ గేజి. పెద్ద లైను తగిలిన చోట సరుకు దించి ఇంకో పెట్టెకు ఎత్తాల. మాగే కాయ అన్ని చేతులు మారితే ఏం మిగులుతుంది? అందుకే తోట దగ్గర ఎత్తి మండీ గడపలో దించే లారీని వ్యాపారులు నమ్ముకున్నారు.

లాంగ్ పోయేవాడంటే ఊళ్ళో గౌరవం ఉండేది. పెళ్ళి సంబంధాల్లో కూడా "పిల్లోడు ఢిల్లీ లైను తోలతాడు" అని గట్టిగా చెప్పేవాళ్ళు. లోకల్ తోలేవాడంటే చేతగానివాడనో, ముసలివాడనో లెక్క. ఆ గౌరవం నాకూ దక్కింది. దాన్ని ఇప్పుడు తక్కువ చేసి మాట్లాడను. హిందీ రాని మనిషి నాగపూర్ దాటి ఒంటరిగా రాత్రంతా బండి నడిపి, కాయ చెడకముందే మండీకి చేర్చడం చిన్న పని కాదు.

కూలి లెక్క మాత్రం వేరే కథ. మాకు నెల జీతం అన్న మాటే లేదు. ట్రిప్పుకు ఇంత, దారిలో తిండికి బత్తా, మిగిల్చిన డీజిల్లో కొంత. చక్రం తిరిగితే డబ్బు, నిలబడితే లేదు. లారీ చక్రం తిరిగే గంటలకన్నా నిలబడే గంటలే ఎక్కువ. మండీలో కాయ రావాలని నిలబడతాం. లోడు ఎత్తేదాకా, కాటా వేసేదాకా నిలబడతాం. రాష్ట్రం మారే ప్రతి గేటు దగ్గర కాగితాలకు, ముద్రకు నిలబడతాం. ఢిల్లీలో సరుకు దించినాక తిరుగు లోడు కోసం బుకింగ్ ఆఫీసుల చుట్టూ తిరుగుతా బండి కిందే పడుకుంటాం. చలికాలం ఆ నేల మీద పడుకున్నవాళ్ళకు తెలుస్తుంది అదేమిటో. ఆ రోజులకు బత్తా ఓనరు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టు. సరుకు వ్యాపారిది, బండి ఓనరుది, నిలబడిన కాలం మాత్రం డ్రైవరుది. మమ్మల్ని తిన్నది దూరం కాదు, ఈ నిలబడడమే. దూరం పోను అని ఎవరైనా అన్నారంటే వాళ్ళు వద్దంటున్నది దీన్ని.

1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. దూర ప్రయాణమైతే అనుమతి తీసుకుని రోజుకు 10, వారానికి 54 దాకా. అంతకు మించకూడదని రాసినారు. స్టీరింగు పట్టిన ఇన్నేళ్ళలో ఆ చట్టం పేరు ఎత్తిన ఓనరును నేను చూడలేదు. నాకు తెలిసింది కూడా ఒక యూనియన్ మనిషి చెప్తేనే.

తరువాత రోడ్డే మా జిల్లాను వదిలి పక్కకు పోయింది. 1999లో వాజపేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి పని మొదలుపెట్టింది. చెన్నై నుంచి ముంబై పోయే నాలుగు వరుసల దారి మా పాత నాలుగో నంబరు రోడ్డు మీద రాకుండా, రాణిపేట దగ్గర తిరిగి వేలూరు, కృష్ణగిరి మీదుగా బెంగళూరు పోయింది. కొంచెం సుట్టు అయినా మొగిలి కనుమ లేదు, రోడ్డు వెడల్పు. దాంతో చెన్నై, బెంగళూరు మధ్య తిరిగే పెద్ద బండ్లు చాలావరకు చిత్తూరు ముఖం చూడడం మానేసినాయి. బంగారుపాళెం నుంచి పలమనేరు దాకా రాత్రంతా దీపాలు వెలిగే హోటళ్ళు, పంచరు అంగళ్ళు ఒక్కొక్కటే మూతపడినాయి. మా ఊరి పిల్లోళ్ళకు క్లీనరు పని దొరికే చోటు అదే. ఆ బండ్లు రాకపోతే పని నేర్పే గురువు ఎక్కడినుంచి వస్తాడు?

అదే కాలంలో మామిడి కూడా దారి మార్చుకుంది. దీన్ని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేను కొంచెం ఎక్కువ చెప్తాను. చిత్తూరు, బంగారుపాళెం, పూతలపట్టు పక్కల గుజ్జు ఫ్యాక్టరీలు పెరిగినాయి. తోతాపురి కాయ వాటికే. జూన్ నుంచి ఆగస్టు దాకా తోట నుంచి ఫ్యాక్టరీకి ఇరవై, ముప్పై కిలోమీటర్లు పోతుంది. లోపల గుజ్జై సంచుల్లో సీలయ్యి, 215 కిలోల డ్రమ్ముల్లోకి పోతుంది. అట్లాంటి డ్రమ్ములు ఇరవై అడుగుల కంటైనరుకు 80 పడతాయి. ఆ కంటైనరు నూటయాభై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న చెన్నై రేవుకు పోతుంది. అక్కడినుంచి సౌదీకి, ఎమెన్‌కు, నెదర్లాండ్స్‌కు ఓడలో. నేను తోలిన దూరాన్ని ఇప్పుడు ఓడ తోలతా ఉంది. మాకు మిగిలింది ఈ కొసన ఉన్న చిన్న ముక్క. లోకల్ పని మా ఒళ్ళు అలిసి పుట్టింది కాదు, కాయ దారి మారినందుకు పుట్టింది.

తిరుపతి పక్కా ఇట్లాగే జరిగింది. 1985లో కరకంబాడి దగ్గర అమరరాజా వచ్చింది, 2008లో సత్యవేడు పక్క శ్రీసిటీ తెరిచినారు, 2020లో చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ. వీటికి విడిభాగాలు తెచ్చే బండ్లు, కంటైనర్లను రేవుకు చేర్చే బండ్లు పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరతాయి. 2005లో టాటా ఏస్ దిగినాక అప్పు చేసి సొంతంగా బండి పెట్టుకున్న పిల్లోళ్ళు తిరుపతి వీధి వీధికీ తయారైనారు. నేను కొన్నాళ్ళు డీసీఎం వ్యాను మీద తిరుమలకు కూరగాయలు ఎక్కించినాను. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఆ మొదటి రోడ్డుకు రూపం ఇచ్చింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. దాని పిన్ను మలుపుల్లో ఖాళీ బండి దించినా మొగిలి కనుమ పాఠమే పనికొచ్చింది. లోకల్ పనికి నైపుణ్యం అక్కరలేదనేవాళ్ళు ఒకసారి ఆ రోడ్డు దిగి చూడాల.

2017 జులై 1న జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసినప్పుడు లాంగ్ బతుకు కొంత తేలికైంది. నిజం చెప్పాలంటే చాలా తేలికైంది. సగం రాత్రి గేటు దగ్గర పోయేది అంతటితో తగ్గింది. అప్పటికి నా వయసు మీరిపోయింది, ఇంట్లో ఆడపిల్ల చదువుకుంటా ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నాగపూర్ అవతల లోడుతో ఇరుక్కున్నాను. హోటళ్ళన్నీ మూసినారు. పక్క పల్లెవాళ్ళు రొట్టెలు తెచ్చి దూరంగా పెట్టి పోయేవాళ్ళు. ఇంటికి చేరినాక మా ఇంటామె ఒకటే అడిగింది: "ఇంకా పోతావా?" పోలేదు.

తెలిసిన సావుకారు ఒకాయన పాల ట్యాంకరు తోలమన్నాడు. గంగవరం, వి.కోట పక్క పల్లెల్లో చల్లబెట్టిన పాలు ఎత్తుకుని డెయిరీకి చేర్చే పని. "నెల జీతం నాయనా, ట్రిప్పు లెక్క లేదు," అన్నాడు. మా జిల్లాలో పాల బండ్లకు పెద్ద చరిత్రే ఉంది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినా, ప్రైవేటు డెయిరీలు పల్లె పల్లెకూ పాకినాయి. ఆవులు పోలేదు, పాలు ఆగలేదు. ఆ పనిలో ఒకటి గమనించినాను. పాల బండిని గేటు దగ్గర ఎవరూ నిలబెట్టరు. మేము పోయే లోపలే పైపు తగిలించడానికి మనిషి సిద్ధంగా ఉంటాడు. పాలు నాలుగు డిగ్రీల చలిలో ఉండాల, విరిగితే నష్టం డెయిరీది. అందుకే వాళ్ళకు తొందర.

మామిడి దగ్గరికి రండి. కాటా ఎక్కేదాకా కాయ రైతుది. కుళ్ళితే రైతు నెత్తిన పడుతుంది. ఫ్యాక్టరీకి తొందర ఎందుకు? 2025 సీజన్‌లో ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేటట్టు తేల్చినారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు కిలోమీటర్ల పొడుగున రోజుల తరబడి నిలబడినాయి. ధర గురించి అందరూ మాట్లాడినారు, మాట్లాడాల్సిందే. రైతు గోడు పేపర్లలో వచ్చింది. ఆ ట్రాక్టర్ల మీద కూర్చున్న డ్రైవర్ల గురించి ఎవరు రాసినారు? నా పెద్దన్న కొడుకు లాంగ్ మానేసి, ఇంటి దగ్గర ఉండొచ్చని ఆ సీజన్‌కే లోకల్ బండి ఎక్కినాడు. ఇల్లు పదిహేను కిలోమీటర్లు. క్యూ వదిలితే వరస పోతుందని రాత్రులు బండి మీదే పడుకున్నాడు. వాళ్ళమ్మ క్యారియర్లో అన్నం కట్టి పంపేది. వాడికి ఇచ్చేది ట్రిప్పు లెక్క. ఢిల్లీలో తిరుగు లోడు కోసం నేను పడుకున్న నేలకూ, వాడు పడుకున్న ఆ ట్రాక్టరు ఇంజను పక్కకూ నాకు తేడా కనబడలేదు.

అందుకే లోకల్ పని అంటే మంచిదని గుడ్డిగా చెప్పలేను. సరుకు నిలబడితే నష్టం ఎవరిదో చూడాల. నష్టం పనిచ్చేవాడిది అయిన చోట డ్రైవరు పొద్దు గూకేసరికి ఇల్లు చేరతాడు. నష్టం ఇంకొకరిది అయిన చోట ఇంటి వాకిలి కనబడతా ఉన్నా దారిలోనే పడుకుంటాడు. ఇప్పుడు బెంగళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మళ్ళీ మా జిల్లా గుండానే వేస్తున్నారు, 2022 మేలో దానికి శంకుస్థాపన అయింది. రోడ్డు తిరిగి వస్తే గోదాములు వస్తాయి, ఫ్యాక్టరీలు వస్తాయి, వందల బండ్లకు పని వస్తుంది. ఆ పని జీతం లెక్కన వస్తుందా, ట్రిప్పు లెక్కన వస్తుందా అన్నదే మా పిల్లోళ్ళకు కావాల్సిన సంగతి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర బండికి టోకెను ఇస్తారు. దాని మీద వచ్చిన తేదీ, గంట వేయించుకోవాల. కాటా చీటీ మీద సరుకు తూచిన గంట ఉంటుంది. ఈ రెండు కాగితాల మధ్య ఎన్ని గంటలు పోయినాయో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఆ గంటల కూలి బండి ఓనరు కట్టాలా, ఫ్యాక్టరీ కట్టాలా అన్నది కిరాయి మాట్లాడుకునే రోజే రాసుకోవాల. జూన్ రాకముందే దీని మీద కూర్చుని మాట్లాడదామని మా మండలంలో బండ్ల ఓనర్ల ఇళ్ళకు తిరుగుతా ఉన్నాను. కొందరు సరే అన్నారు. కుదరదన్నవాళ్ళు ఇంకా ఎక్కువే ఉన్నారు, వాళ్ళ దగ్గరికి ఈ ఆదివారం మళ్ళీ పోతాను. ఈసారి నా పెద్దన్న కొడుకును కూడా తీసుకుపోతాను, పోయిన సీజన్ టోకెన్లు వాడి దగ్గర ఉన్నాయి.