గెలాక్సీ గుచ్ఛముల సంగమమున రేడియో ప్రభ

ఆకర్షణశక్తిచే గుమిగూడిన వందలకొలఁది గెలాక్సీల గుచ్ఛములు రెండు ఒండొంటిలో కలిసిపోవునపుడు, ఏ యొక్క గెలాక్సీకిని చెందక, వాని నడిమి పలుచని వాయువునందంతటను మసకగా పరచుకొని యుండు రేడియో తరంగముల వెలుఁగును విస్తృత రేడియో ప్రభ యందురు. 1959లో లార్జ్, మాథ్యూసన్, హాస్లమ్ అనువారు ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు 250 అడుగుల డిష్‌తో, సుమారు 30 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్న కోమా గుచ్ఛమున దీనిని మొదట గుర్తించిరి. అది విడివిడి గెలాక్సీల వెలుఁగుల మొత్తము కాదని 1970లో కేంబ్రిడ్జిలో విల్సన్ నిరూపించెను.

చిత్రమేమనఁగా, గెలాక్సీల సంఘట్టనముల గణితమునందు మన తెలుగునాటికిని పాలు గలదు. ఇబ్రహీంపట్నము చేరువను, జాపాల, రంగాపురము అను పల్లెల నడుమ 48 అంగుళముల దూరదర్శినిని 1968లో ప్రతిష్ఠించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుఁడైన సాలె మహమ్మద్ అలాదీన్, రెండు గెలాక్సీలు పరస్పరము దాటిపోవునపుడు వాని గమనశక్తి యెంత తఱిగి లోపలి నక్షత్రములకు సంక్రమించునో లెక్కగట్టి 1965లో ప్రకటించెను. 1982లో నరసింహన్‌తో కలిసి ఈ విషయముపై విపులమైన సమీక్ష వ్రాసెను. నక్షత్రముల నడిమి యెడము మిక్కుటమగుటచే, గెలాక్సీ గెలాక్సీలోనుండి దూసికొని పోయినను నక్షత్రము నక్షత్రమును తాఁకుట అరుదు.

వాయువు సంగతి వేఱు. అది తప్పించుకొని పోలేదు. ఎదురుపడి, కోట్ల డిగ్రీలకు కాఁగి, ఆఘాత తరంగములను పుట్టించును. ఆ వాయువునందు కాంతివేగమునకు రమారమి సమానమైన వేగముతో పోవు ఎలక్ట్రానులు, అతిక్షీణమైన అయస్కాంత క్షేత్రమును చుట్టుచు రేడియో తరంగములను వెలువరించును. అయితే ఈ ఎలక్ట్రానుల శక్తి సుమారు పది కోట్ల సంవత్సరములలో ఉడిగిపోవును. అంతలో అవి గుచ్ఛమున ఈ కొననుండి ఆ కొనకు పోలేవు. కావున వానికి శక్తి, ఉన్నచోటనే, ఆఘాతములనుండియు వాయువునందలి సుడులనుండియు లభింపవలెనని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. నడుమ నిండిన మసకవెలుఁగు హేలో; అంచులయందలి చాపములు రెలిక్కులు. ఏబెల్ 3376 అను గుచ్ఛమున జయదీప్ బాగ్చీ ప్రభృతులు 2006లో ప్రకటించిన జంట చాపములు, నిండిన చెరువున ఇరుగట్లవైపు సాగిన నురుగు గీఁతలవలె, గుచ్ఛమున కిరువైపుల నిలిచియున్నవి.

రంగాపురపు దూరదర్శిని కంటికి కానవచ్చు వెలుఁగునకే పనికివచ్చెడిది. రేడియో తరంగములను పట్టుటకు పుణె జిల్లా ఖోడద్ చెంత 45 మీటర్ల వ్యాసముగల డిష్షులు 30 నెలకొల్పఁబడినవి. వానితో జరిగిన పరిశీలనలలో, గుచ్ఛమెంత బరువైనదైనను, సంఘట్టనము లేక ప్రశాంతముగ నున్నచో బృహత్తరమైన హేలో సాధారణముగ కానరాలేదు.