విసుర్రాయి పాట

హైదరాబాదులో వలపును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మనవారు పురానాపూల్ వంతెనను జూపుదురు. మహమ్మద్ కులీ కుతుబ్ షా యువరాజుగా నుండగా, పొంగిన మూసీని దాటి చిచ్లం గ్రామములోని భాగమతిని జూడబోయెననియు, కుమారుని ప్రాణమునకు వెఱచి తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా ఆ వంతెనను గట్టించెననియు గాథ. వినుటకు సొంపైన కథయే. కాని వంతెన 1578 నాటిది; యువరాజు 1565 ప్రాంతమున జన్మించినవాడు. అనగా నప్పటికి పదుమూడేండ్ల బాలుడు! ఫైజీ, ఫెరిష్తా మొదలగువారు భాగమతి పేరును వ్రాసియుండుట నిజమే. అయినను హరూన్ ఖాన్ షేర్వానీగారు 1967లో ప్రకటించిన గ్రంథమున నీ గాథను త్రోసిపుచ్చిరి. పండితుల వాదము సాగుచునే యున్నది.

రాజొకడు ప్రేమించెనా లేదా యని తేల్చుటకే మన మింత శ్రమపడుచున్నాము. ఆ మూసీ యొడ్డుననే నాలుగు వందల యేండ్లకు పైగా కాపురములు చేసిన సామాన్యుల దాంపత్యమును గూర్చి యడిగినవా రెందఱు? వారి వలపునకు వంతెన లేదు, శాసనము లేదు. పాట మాత్రము కలదు. చరిత్ర యనగా రాజుల యుద్ధములే కావనియు, జనుల తిండి, బట్ట, ఆట, పాట కూడ చరిత్రయే యనియు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ద్వారా సురవరం ప్రతాపరెడ్డిగారు మనకు దారి చూపిరి. ఆ దారినే మేమిచ్చట రెండడుగులు వేయుచున్నాము.

పిండి గిర్నీలు రాకముందు తెల్లవారుజామున ఇంటింట విసుర్రాయి తిరుగుచుండెను. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగ గూర్చుండి, ఒక్క పిడినే పట్టి త్రిప్పుచు జొన్నలు విసరెడివారు. చేతికి పని, నోటికి పాట. రాయి తిరుగుటయే తాళము. తెలుగిండ్లలో నది తిరుగలిపాట. దక్కనీ మాటలాడు ఇండ్లలో చక్కీపాట. ఈ పాటకు గల బలమును సూఫీలు గుర్తించిరి. 17, 18 శతాబ్దములలో బిజాపురము మొదలగు దక్కను సీమలలో ఆ సంప్రదాయమువారు విసుర్రాతికి చక్కీనామాలను, రాట్నమునకు చరఖానామాలను గట్టిరి. విసుర్రాయి పిడిని భగవన్నామమునకు మొదటి యక్షరమైన ‘అలిఫ్’తో పోల్చిరి. పండిత సభకు పోజాలని స్త్రీకి ఆ బోధ విసుర్రాతి యొద్దకే వచ్చినది. తల్లి పాడగా ఒడిలోని బిడ్డ వినెను.

ఆ దక్కనీయే మన పాతబస్తీ యింటిభాష. మహమ్మద్ కులీ ఆ భాషలోనే కవిత్వము చెప్పెను. ఆతని కృతులను డాక్టరు జోరుగారు 1940లో పరిష్కరించి ప్రకటించిరి. అందు ప్రభువు తన పండ్రెండుగురు ప్రేయసులను కీర్తించియున్నాడు. విసుర్రాతి కడ గూర్చున్న ఇల్లాలికో, పెనిమిటి యొక్కడే. ఆతడు బ్రతుకుతెరువునకై దూరదేశము పోయిన నెదురుచూచుట, తిరిగివచ్చిన నున్న గటకనే పంచుకొనుట: ఇవియే ఆమె పాటకు వస్తువులు. ప్రభువు వలపునకు వసంతము కావలెను. ఈ వలపు గంజిపై బ్రతికి, తల నెరసినను తరుగదు.

ఇట్టి పాట మన దేశమునకే పరిమితము గాదు. స్కాట్లండు కవి రాబర్టు బర్న్సు పల్లెపాటలను సేకరించి ‘జాన్ ఆండర్సన్’ అను గీతమును 1790లో వెలువడిన సంపుటమున జేర్చెను. వృద్ధురాలైన భార్య వృద్ధుడైన భర్తతో పలుకు మాటలవి. ఆ పేరుతో బూర్వము జనుల నోట నున్న పాట మొరటుది. కవి దానిని మార్చి పావనము చేసెను. కవి కది చెల్లును. చరిత్రకారునకు చెల్లదు.

ఇచ్చటనే మేము చదువరులను హెచ్చరింపదలచితిమి. పల్లెపాట వినగానే మనలో కొందఱు “ఆహా, పేదల కెంత తృప్తి!” యని మురియుదురు. నిరాడంబరజీవనము తానై యెన్నుకొన్నవానికి గుణము. వేఱు దారి లేనివానికి లేమి. విసిరి విసిరి అరచేతులు బొబ్బలెక్కిన ఇల్లాలు, నాకీ కష్టమే యిష్టమని పాడినదా? ఆ నోటనే అత్త యారళ్లు, మగని నిరాదరణ, పుట్టింటిపై బెంగ కూడ పాటలైనవి. మగడు వినకుండ, అత్త లేవకముందు, తోడి స్త్రీతో మనసు విప్పుకొనుట కామెకు దొరికిన చోటది యొక్కటే. వలపు చరణమును వ్రాసికొని వెత చరణమును విడిచిపెట్టినచో మనము సేకరించినది పాట కాదు, మనకు నచ్చిన బొమ్మ.

గిర్ని వచ్చి ఇల్లాలి భుజమునకు విశ్రాంతి నిచ్చినది. అందుకు మేము సంతసింతుము. పాటకొరకు మరల రాయి త్రిప్పుమనువారము గాము. కాని పనితోబాటు పాటయు బోయినది. పాతబస్తీ పెండ్లిండ్లలో మాంఝానాడు, మెహందీనాడు ఢోలక్ పాటలు నేటికిని వినవచ్చుచున్నవి. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయసాహిత్యముపై బరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. పెద్దలు చేయదగినది చేసిరి. తక్కినది గృహస్థుల వంతు.

మీ యింట ముసలమ్మ యున్నచో ఒక సాయంకాల మామె చెంత గూర్చుండుడు. ఆమె యే భాషలో పాడిన నా భాషలోనే, పాడినది పాడినట్లు వ్రాసికొనుడు. సిగ్గుపడి ఆమె దాటవేయబోవు చరణమును మఱింత యోపికతో నడుగుడు. పురానాపూల్ మఱికొంత కాలము నిలుచును. ఆమె కంఠ మంతకాల ముండదు.