పిలిచిన పేరుకు పలికెడిదెవరు?

హైదరాబాదునుండి విజయవాడకు పోవు బాటపై హయత్‌నగరమున్నది. గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగము పేర 17వ శతాబ్దిలో వెలసిన ఊరది. అచ్చటి పాత మసీదు చుట్టును బాటసారులు దిగుటకై కట్టిన సరాయి గదులు వరుసగా కలవు. ఆ సరాయిలో మనమొకని వెదకుచున్నామనుకొందము. గది తెలిసినచో తిన్నగా పోదుము. పేరు మాత్రమే తెలిసినచో తలుపులన్నియు వరుసగా తట్టవలసినదే. ఆ పేరివారిద్దరున్నచో ముందు తగిలినవాడే పలుకును. కంప్యూటరు ఆజ్ఞలను వెదకు తీరును ఇట్టిదే.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ వ్యవస్థకు పునాది వేసిరి. అందు వ్యవస్థ ఆజ్ఞలకు ‘బిన్’ అను డైరెక్టరీయు, వాడుకరుల సొంత పత్రములకు ‘యుఎస్‌ఆర్’ అను డైరెక్టరీయు ఏర్పడెను. మొదటి డిస్కులో చోటు చాలకపోగా వ్యవస్థ ఆజ్ఞలు కొన్ని వాడుకరుల డిస్కుకు చేరెను. కాలక్రమమున వాడుకరులు వేరు చోటికి తరలిరి. పేరు మాత్రము నిలిచినది.

ఇన్ని చోట్లున్నప్పుడు దేనిని ముందు చూడవలెను? 1979లో వెలువడిన ఏడవ కూర్పులో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ దీనికి ‘పాత్’ అను పట్టికను వాడెను. అందలి డైరెక్టరీలను ఎడమనుండి కుడికి చూచి, ఆ పేరుగల ఆజ్ఞ ఎచ్చట ముందు దొరకిన దానినే అది నడుపును. తక్కినవాటి జోలికి పోదు. పూర్తి చిరునామా వ్రాసినచో వెదకుటయే లేదు.

మన సొంత డైరెక్టరీని ముందుంచినచో, ఇతరులకు ఇబ్బంది లేకుండ మనము దిద్దుకొన్న స్క్రిప్టు మనకు పలుకును. ఇది గొప్ప వెసులుబాటు. కాని అపాయమును అందే కలదు. ‘ప్రస్తుతమున్న డైరెక్టరీ’ని పట్టిక మొదట చేర్చి, పదిమంది వ్రాయగల చోట నిలిచి ఆజ్ఞ నిచ్చితిమా, నిత్యము వాడు ఆజ్ఞ పేరుతో ఎవరో దాచిన స్క్రిప్టు మన అధికారముతోనే నడచును. వ్యవస్థాధికారి ఇట్లు మోసపోయినచో యంత్రమంతయు పరుల వశమగును. కావుననే అట్టివారు ఆ చోటును తమ పట్టికలో చేర్చరు.

పలికినది ఏ చోటి ఆజ్ఞయో తెలుపుటకు ‘విచ్’ అను ఆజ్ఞ కలదు. తలుపుల వరుసను నిర్ణయించుట యనగా, ఎవరిని ముందు నమ్మవలెనో నిర్ణయించుటయే. ఆ నిర్ణయము మన చేతిలో నుండుట మేలు.