దుమ్ము పీల్చే యంత్రం: బ్రిటన్‌లో ఒక పరిశ్రమ పుట్టుక, పెరుగుదల, వలస

మనం ఫోటోకాపీని జెరాక్స్ అన్నట్టే, ఇంగ్లండులో వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు శుభ్రం చేసుకోవడాన్ని ‘హూవర్ చేయడం’ అంటారు. ఒక కంపెనీ పేరు క్రియాపదమై నిఘంటువులోకి ఎక్కింది. ఆ పేరు మోసిన లండన్ ఫ్యాక్టరీ మాత్రం 1982లో మూతపడింది. ఇప్పుడు ఆ ఆవరణలో ఒక సూపర్ మార్కెట్, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

స్వర్ణోత్సవ సంచికలో వాక్యూమ్ క్లీనర్ల ముచ్చట ఏమిటని మిత్రులు అడగవచ్చు. మన బడి నుంచి వెళ్లినవారిలో ఇంజినీర్లున్నారు, ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవారున్నారు, సొంతంగా చిన్న పరిశ్రమలు పెట్టినవారున్నారు. ఒక వస్తువును కనిపెట్టడం ఒక పని, దాన్ని తరతరాలుగా అదే ఊళ్లో తయారుచేస్తూ ఉండటం ఇంకో పని. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఈ చిన్న యంత్రం చరిత్రలో బాగా తెలుస్తుంది.

ఊదడం మాని పీల్చడం

1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ముప్ఫై ఏళ్ల ఇంజినీరు లండన్‌లో ఒక యంత్ర ప్రదర్శనకు వెళ్లాడు. అమెరికా నుంచి వచ్చిన ఆ యంత్రం గాలిని గట్టిగా ఊది దుమ్ము లేపేది. లేచిన దుమ్ములో చాలా భాగం మళ్లీ అక్కడే పడేది. ఊదే బదులు పీల్చకూడదా అని బూత్‌కు తోచింది. ఒక రెస్టారెంటులో కుర్చీ వీపు మీద చేతిరుమాలు పరచి, నోరు పెట్టి గట్టిగా పీల్చి చూశాడని చెబుతారు. రుమాలు అడుగున దుమ్ము మచ్చ పడింది. అదే ఏడాది ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

పేరులో వాక్యూమ్ ఉన్నా ఈ యంత్రంలో నిజమైన శూన్యం ఉండదు. ఫ్యాను లేదా పంపు లోపలి గాలి పీడనాన్ని కొంత తగ్గిస్తుంది. బయటి గాలి ఎక్కువ పీడనంతో లోపలికి తోసుకొస్తూ దుమ్మును కూడా ఈడ్చుకొస్తుంది. సంచి దుమ్మును ఆపి గాలిని వదిలేస్తుంది. మన సైన్సు మాస్టార్లు చెప్పిన వాతావరణ పీడనం పాఠమే ఇది.

బూత్ తొలి యంత్రం గుర్రబ్బండి మీద ఊరేగేది. పెట్రోలు ఇంజినుతో నడిచే ఆ ఎర్రటి బండిని వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్లలోకి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని తివాచీలను ఈ యంత్రమే శుభ్రం చేసింది. రాజుగారి పని చేశాక పేరు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. అయితే బూత్ అమ్మింది ప్రధానంగా శుభ్రం చేసే సేవను. ఇంటింటికీ ఒక చిన్న యంత్రం అన్న ఆలోచన అట్లాంటిక్ అవతల ఊపందుకుంది.

సుంకం గోడ వెనుక

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే పెద్దాయన ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఉబ్బసం రోగి. దుమ్ము పడక, ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులను తోలు సామాన్ల వ్యాపారి విలియం హూవర్ కొన్నాడు.

ఆ అమెరికన్ కంపెనీ బ్రిటన్‌లో ఫ్యాక్టరీ పెట్టే నాటికి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి. 1926 చట్టంతో జాతీయ విద్యుత్ గ్రిడ్ పని మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మూడింట రెండు వంతుల ఇళ్లకు కరెంటు చేరింది. 1932లో బ్రిటన్ విదేశీ సరుకుల మీద దిగుమతి సుంకం విధించింది. సుంకం కట్టి బయటి నుంచి తేవడం కంటే లోపలే తయారుచేయడం లాభమైంది. 1933లో లండన్ శివారు పెరివేల్‌లో హూవర్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. తెల్లటి గోడలు, రంగుల అలంకరణ ఉన్న ఆ భవనాన్ని ఇప్పటికీ వాస్తుకళ విద్యార్థులు వెళ్లి చూస్తారు. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ అప్పటికే లూటన్‌లో ఉంది. బూత్ కంపెనీ కూడా 1930ల చివర లెదర్‌హెడ్‌కు మారి, ‘గోబ్లిన్’ పేరుతో ఇళ్లకు యంత్రాలు చేసింది.

ఈ యంత్రాలను సేల్స్‌మన్లు ఇంటింటికీ తిరిగి, నడిపి చూపించి అమ్మేవారు. ఆ పద్ధతి మన ఊళ్లకూ వచ్చింది. 1982లో ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతో మొదలైన యురేకా ఫోర్బ్స్ వారి సేల్స్‌మన్లు టై కట్టుకుని తలుపు తట్టి, మన పరుపులోంచే దుమ్ము తీసి మనకే చూపించడం 80లు, 90లలో పెరిగిన పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది.

బ్రేకులు, యాక్సిలరేటరు

యుద్ధం తర్వాత గిరాకీ విపరీతంగా పెరిగింది. కొత్త ఫ్యాక్టరీలను నిరుద్యోగం ఉన్న ప్రాంతాలకు పంపాలన్నది అప్పటి ప్రభుత్వ విధానం. హూవర్ 1946లో స్కాట్లండులోని కాంబస్‌లాంగ్‌లో, 1948లో వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్‌లో ఫ్యాక్టరీలు తెరిచింది. మెర్థిర్‌లో చేసింది వాషింగ్ మెషీన్లు. బొగ్గు గనుల ఊళ్లలో రెండు తరాలు ఈ కంపెనీల జీతాలతో పిల్లల్ని చదివించుకున్నాయి.

అయితే ఈ సరుకు ఎక్కువగా వాయిదాల మీద అమ్ముడుపోయేది. 1950లు, 60లలో ధరలు పెరిగినప్పుడల్లా ప్రభుత్వం వాయిదాల నిబంధనలు బిగించి, కొనుగోలు పన్ను పెంచేది. మందగమనం రాగానే సడలించేది. ఒక ఏడాది ఓవర్‌టైం, మరుసటి ఏడాది గోదాంలో పేరుకున్న సరుకు. ఇలాంటి చోట పదేళ్ల ముందుచూపుతో కొత్త యంత్రాల మీద పెట్టుబడి పెట్టడం ఎవరికైనా కష్టమే.

1973లో బ్రిటన్ యూరోపియన్ ఉమ్మడి మార్కెట్‌లో చేరింది. సభ్య దేశాల మధ్య సుంకాలు క్రమంగా పోయాయి. 1980ల ఆరంభంలో పౌండు విలువ, వడ్డీ రేట్లు రెండూ ఎక్కువగా ఉన్న సమయంలోనే మాంద్యం వచ్చింది. పెరివేల్ మూతపడింది ఆ రోజుల్లోనే. లెదర్‌హెడ్ గోబ్లిన్ ఫ్యాక్టరీ కూడా ఆ దశాబ్దంలోనే మూతపడి, ఆ స్థలంలో ఒక చమురు కంపెనీ కార్యాలయం వెలసింది.

ఉచిత విమాన టికెట్లు

1992లో హూవర్ దగ్గర అమ్ముడుపోని సరుకు ఉంది. వంద పౌండ్లకు మించి కొంటే రెండు విమాన టికెట్లు ఉచితమని ప్రకటించింది. మొదట యూరప్‌కు, తర్వాత అమెరికాకు. జనం యంత్రం కోసం కాక టికెట్ల కోసం ఎగబడ్డారు. టికెట్లు ఇవ్వలేక కంపెనీకి దాదాపు 5 కోట్ల పౌండ్ల నష్టం వచ్చింది. కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. అప్పటి అమెరికన్ యజమాని మేటాగ్ 1995లో యూరప్ విభాగాన్ని ఇటలీ కంపెనీ కాండీకి అమ్మేసింది.

ఈ ప్రహసనం కంటే బరువైన సంగతి 1993 జనవరిలో జరిగింది. హూవర్ ఫ్రాన్సులోని డిజాన్ దగ్గరి ఫ్యాక్టరీని మూసి, ఆ పనిని కాంబస్‌లాంగ్‌కు మార్చింది. అక్కడ సుమారు 600 మంది ఉద్యోగాలు పోయాయి, ఇక్కడ 400 వచ్చాయి. అందుకు బదులుగా స్కాట్లండు కార్మికులు జీతాల పెంపు వాయిదాకు, కఠినమైన పని షరతులకు ఒప్పుకున్నారు. ఫ్రాన్సులో పెద్ద గొడవైంది. అడిగినవన్నీ ఇచ్చినా ఆ పని కాంబస్‌లాంగ్‌లోనూ నిలవలేదు. కొత్త శతాబ్దం తొలి దశాబ్దంలోనే తయారీ చైనాకు వెళ్లింది. 2009లో మెర్థిర్ కూడా మూతపడింది.

కార్మికులు పని మరిచిపోయారనో, బద్ధకించారనో అనడానికి ఇక్కడ ఆధారం లేదు. నిర్ణయాలు జరిగిన గది వారి ఊళ్లో లేదు, అంతే. ఇవాళ హూవర్ పేరు యూరప్‌లో చైనా కంపెనీ హయర్‌ది, అమెరికాలో హాంకాంగ్ కంపెనీ టీటీఐది.

డైసన్, హెన్రీ

ఇదే కాలంలో బ్రిటన్‌లో గొప్ప కొత్త ఆవిష్కరణ కూడా జరిగింది. సంచి నిండేకొద్దీ యంత్రం పీల్చే బలం తగ్గడం జేమ్స్ డైసన్‌ను చికాకుపెట్టింది. కలప కోత మిల్లుల్లో పొట్టును సుడిగాలితో వేరుచేసే పరికరాన్ని చూసి, దాన్నే చిన్నది చేయాలనుకున్నాడు. 5,127 నమూనాలు చేశాడు. మార్చే సంచుల అమ్మకమే మంచి రాబడి కావడంతో పెద్ద కంపెనీలకు సంచి లేని యంత్రం రుచించలేదు. 1993లో సొంతంగా డీసీ01 విడుదల చేసి మార్కెట్‌ను గెలిచాడు. తర్వాత హూవర్ తన పేటెంటును ఉల్లంఘించిందని కోర్టులో నెగ్గాడు.

ఆ డైసనే 2002లో విల్ట్‌షైర్ ప్రాంతంలోని మాల్మ్స్‌బరీ నుంచి తయారీని మలేసియాకు మార్చాడు. 800 ఉద్యోగాలు పోయాయి. అక్కడ జీతాలు తక్కువ. అంతకంటే ముఖ్యంగా, విడిభాగాలు చేసేవారు అక్కడే చుట్టుపక్కల ఉన్నారు. డిజైను, పరిశోధన ఇంగ్లండులోనే ఉంటాయన్నారు, ఆ విభాగాలు బాగా పెరిగాయి కూడా. కానీ 2019లో ప్రధాన కార్యాలయం సింగపూరుకు తరలింది. 2024లో బ్రిటన్‌లోని సుమారు 3,500 ఉద్యోగాల్లో 1,000 వరకు తగ్గిస్తామన్న ప్రకటన వచ్చింది.

కథ అక్కడితో ముగిసిపోలేదు. సోమర్‌సెట్‌లోని చార్డ్ అనే చిన్న పట్టణంలో క్రిస్ డంకన్ 1969లో స్థాపించిన న్యూమాటిక్ కంపెనీ ఉంది. 1981 నుంచి ఆ కంపెనీ ‘హెన్రీ’ని తయారుచేస్తోంది. గుండ్రని ఎర్రటి డబ్బా, దాని మీద నవ్వు ముఖం, ముక్కు స్థానంలో గొట్టం. ఇప్పటికి కోటికి పైగా చేశారు. అందులో వింత సాంకేతికత ఏమీ లేదు. బళ్లు, ఆసుపత్రులు శుభ్రం చేసే పనివారికి కావలసినట్టు మొరటుగా, గట్టిగా ఉంటుంది. పాడైతే ఆ భాగం మార్చుకుని మళ్లీ వాడుకోవచ్చు. ప్లాస్టిక్ భాగాలను ఫ్యాక్టరీలోనే పోత పోసుకుంటారు. కంపెనీ స్థాపకుడి చేతిలోనే ఉండటంతో నిర్ణయమూ ఆ ఊళ్లోనే జరిగింది.

డైసన్ మేధస్సుకు, హెన్రీ సాదాతనానికి పోటీ పెట్టి ఎవరు గొప్పని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఒక ఫ్యాక్టరీ నిలబడాలంటే దాని చుట్టూ స్క్రూలు, అచ్చులు, మోటార్లు చేసే వందమంది ఉండాలి. వారిలో ఒక్కొక్కరూ వెళ్లిపోతుంటే ఎవరికీ పట్టదు. చివర్న పెద్ద కంపెనీ కదిలినప్పుడే పత్రికల్లో వార్త వస్తుంది. మన పూర్వ విద్యార్థుల్లో అలాంటి విడిభాగాలు చేసే చిన్న షెడ్డులు నడుపుతున్నవారు ఉన్నారు. పెద్ద సంస్థల్లో ఆర్డరు ఎవరికివ్వాలో సంతకం చేసే స్థానాల్లో ఉన్నవారూ ఉన్నారు. స్వర్ణోత్సవం పేరున ఒకే ఆవరణలో కలుస్తున్న ఈ రెండు వర్గాలూ ఒకరి పని ఒకరు అడిగి తెలుసుకుంటే, ఈ వేడుక వల్ల మన ఊరికి నిలిచే మేలు ఒకటి జరిగినట్టే.