గహణి చెడిన భిక్షువు: వినయపిటకంలో ఉదరవ్యాధులు, పథ్యం, పరిచర్య

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న మోప్కాలో వేసవి వస్తే రెండు కుండల మాట వినిపిస్తుంది. స్థానికుల ఇళ్ళలో రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, మరునాడు ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపతో తినే ‘బాసీ’ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఈ ప్రాంతానికి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలు తలచుకొనే ‘తరవాణి’ రెండవది. ఒకటి నానిన అన్నం, మరొకటి పులిసిన అన్నపు నీరు. రెండింటినీ కడుపుకు చలవ చేసే ఆహారంగానే భావిస్తారు. 2022 మే 1న కార్మిక దినోత్సవం సందర్భంగా బాసీ తినవలసిందిగా ఈ రాష్ట్ర ముఖ్యమంత్రి పిలుపునివ్వడంతో, పేదల చద్ది ఒక్కసారిగా వారసత్వ చర్చలోకి వచ్చింది.

చద్ది కుండకు ప్రాచీన చరిత్ర వెతకడం పురావస్తు పరిశోధకులకు సులభం కాదు. పెంకు దొరుకుతుంది గాని అందులో ఏమి పులిసిందో, ఎవరి కడుపు నొప్పికి ఇచ్చారో పెంకు చెప్పదు. ఆ లోటును కొంతవరకు తీర్చగలిగినది పాలి వినయపిటకం. ధర్మగ్రంథాలలో మలబద్ధకం, అతిసారం, ఉదరవాతం వంటి సాధారణ బాధలను ఇంత నిస్సంకోచంగా నమోదు చేసినవి అరుదు. ఆ నమోదులను ఆయుర్వేద సంహితలతో పోల్చి, జీర్ణశక్తి చెడిన భిక్షువును సంఘం ఎలా చూసుకొన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘గహణి’ అనే పదం

మహావగ్గంలోని ఆరవ ఖంధకం భేసజ్జఖంధకం. అందులో ఒక భిక్షువు ‘దుట్ఠగహణిక’ అని, అతనికి ‘ఆమిసఖారం’ తాగించడానికి బుద్ధుడు అనుమతించాడని అతి క్లుప్తంగా ఉంది. ఆంగ్లానువాదకులు ఆ మాటను మలబద్ధకంగా గ్రహించారు. ఐదవ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుని పేర వెలసిన సమంతపాసాదిక వ్యాఖ్యానం కూడా గహణి చెడినవాడు, మలం కష్టంగా వెడలేవాడు అనే వివరిస్తుంది. ఎండిన అన్నాన్ని కాల్చి, ఆ బూడిద నుంచి వడిసిన క్షారజలమే ఆమిసఖారమని చెబుతుంది. ఈ వ్యాఖ్యానానికి ఆధారమైన పూర్వ వ్యాఖ్యానాలలో అంధక అట్ఠకథ ఒకటి. అది నేడు లభ్యం కాకపోయినా, పేరును బట్టి ఆంధ్రదేశ సంప్రదాయానికి చెందినదని భావిస్తున్నారు.

‘మలబద్ధకం’ అన్న అనువాదం తప్పు కాదు, అయితే అసంపూర్ణం. పాలి గహణి సంస్కృతంలోని గ్రహణి. చరకసంహిత చికిత్సాస్థానంలోని 15వ అధ్యాయం దానిని జఠరాగ్నికి ఆశ్రయంగా, పక్వం కాని అన్నాన్ని పట్టి ఉంచి పక్వమైన దానిని విడిచిపెట్టే అవయవంగా వర్ణిస్తుంది. అగ్ని బలహీనపడితే గ్రహణి చెడుతుంది. అప్పుడు మలం ఒకనాడు గట్టిగా, ఒకనాడు పలుచగా, పచ్చిగా వెడలుతుంది. ఏళ్ళ తరబడి సాగే ఈ అనిశ్చితినే సంహితలు గ్రహణీరోగం అన్నాయి. కనుక దుట్ఠగహణిక శబ్దం ఒక పూట లక్షణాన్ని మాత్రమే గాక, దాని వెనుక ఉన్న అగ్ని వైషమ్యాన్ని కూడా సూచిస్తున్నదని చెప్పవచ్చు. గ్రహణీ చికిత్సలో చరకుడు సైతం క్షారయోగాలను చెప్పడం ఈ అన్వయానికి బలం చేకూరుస్తుంది.

ఇదే పదం సుత్తపిటకంలో మరొక సందర్భంలో కనిపిస్తుంది. సాధన చేసే భిక్షువుకు ఉండవలసిన ఐదు అంగాలను చెప్పే చోట, రెండవ అంగంగా ఆరోగ్యాన్ని పేర్కొంటూ, అతిశీతలమూ అత్యుష్ణమూ కాక మధ్యమంగా ఉండి, సమంగా పచనం చేసే గహణిని సాధనకు తగినదిగా చెప్పారు. మజ్ఝిమనికాయంలోని బోధిరాజకుమార సుత్తంలోనూ, అంగుత్తరనికాయంలోనూ ఈ వాక్యం ఉంది. సమ, విషమ, తీక్ష్ణ, మందములని అగ్నిని నాలుగు విధాలుగా విభజించిన ఆయుర్వేద దృష్టికి ఇది ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. కడుపు కుదురుగా లేనివానికి ధ్యానం కుదరదన్న ఎరుక ఈ వాక్యంలో ఉంది. భిక్షువుల అజీర్తి వినయంలోకి ఎందుకు వచ్చిందో దీనివల్ల బోధపడుతుంది.

మందు కోసం సడలిన నియమం

భేసజ్జఖంధకం శ్రావస్తిలో మొదలవుతుంది. శరత్కాలపు వ్యాధి సోకిన భిక్షువులు తాగిన గంజిని, తిన్న అన్నాన్ని వాంతి చేసుకొని, కృశించి, నరాలు తేలి కనిపించారు. అన్నంలా స్థూలాహారం కాకుండా ఆహారంగానూ ఔషధంగానూ ఉపకరించేవి ఏవని ఆలోచించి, బుద్ధుడు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం అనే ఐదింటిని అనుమతించాడు. మొదట మధ్యాహ్నంలోపు మాత్రమే పుచ్చుకోవచ్చునన్నాడు. జీర్ణశక్తి లేని భిక్షువులు ఆ కొద్ది సమయంలో వాటిని కూడా అరిగించుకోలేక మరింత కృశించారు. అప్పుడు వేళ కాని వేళలో సైతం పుచ్చుకొనే అనుమతి వచ్చింది. వినయంలో అత్యంత కట్టుదిట్టమైన నియమాలలో ఒకటైన వికాల భోజన నియమం పక్కన మందుకు ప్రత్యేక స్థానం ఈ విధంగా ఏర్పడింది. ఈ ఐదింటిని ఏడు రోజులు, మూలికల వంటి వాటిని జీవితాంతం ఉంచుకోవచ్చునన్న విభజన నేటికీ థేరవాద ఆరామాల్లో అమలులో ఉంది.

తరువాత వచ్చే మూలికల పేర్లు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. వేళ్ళు, దుంపలలో పసుపు, అల్లం, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేళ్ళు, తుంగముస్తలు. కషాయాలలో వేప, కొడిశపాల, చేదుపొట్ల. పండ్లలో వాయువిడంగాలు, పిప్పళ్ళు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరిక. ఇవిగాక ఇంగువ, ఉప్పులు. వీటిలో అతివస, తుంగముస్తలు, కొడిశపాల, అల్లం ఆయుర్వేదంలో అతిసార, గ్రహణీ చికిత్సలకు ప్రధాన ద్రవ్యాలు. వినయం వీటిని ఏ రోగానికి ఏదని విడదీయలేదు. అయినా ఏరిన ద్రవ్యాలలో అగ్నిని రగిలించేవి, ఆమాన్ని పచనం చేసేవి ఎక్కువగా ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

విరేచనం తరువాతి మెట్లు

నా దృష్టిలో అన్నిటికంటె విలువైన సాక్ష్యం ఒక చిన్న వరుసలో ఉంది. దోషాలు నిండిన దేహం గల భిక్షువుకు విరేచనౌషధం తాగించవచ్చునన్న అనుమతి తరువాత, అతనికి వరుసగా అవసరమైనవాటిని వినయం పేర్కొంటుంది: అచ్ఛకంజి, అకటయూసం, కటాకటం, పటిచ్ఛాదనీయం. వ్యాఖ్యానం ప్రకారం అకటయూసం నెయ్యి, నూనె తగలని పెసల నీరు, కటాకటం కొద్దిగా జిడ్డు చేర్చినది, పటిచ్ఛాదనీయం మాంసరసం. మన ఇళ్ళలో జ్వరం విడిచినవారికి తేట గంజి, ఆ తరువాత పోపు లేని పెసరకట్టు, క్రమంగా నేతిచుక్క వేసిన పెసరకట్టు పెట్టే పత్యపు వరుసను ఇది తలపించక మానదు.

చరకసంహితలో శోధన చికిత్స తరువాత పాటించే సంసర్జన క్రమం ఇదే. పేయ, విలేపి, అకృతయూషం, కృతయూషం, మాంసరసం అని సిద్ధిస్థానం దానిని మెట్లుగా విధిస్తుంది. అకృత, కృత శబ్దాలే పాలిలో అకట, కట అయ్యాయి. కోష్ఠం ఖాళీ అయినంత మాత్రాన చికిత్స ముగియదు. శోధనతో మందగించిన అగ్నిని, చిన్న నిప్పును గడ్డీ గాదంతో పెద్దది చేసినట్లు, కొద్దికొద్దిగా పెంచాలి. భేదిమందు ఒక్కదానితో ఏళ్ళనాటి మలబద్ధకం పోతుందనుకొనే నేటి అలవాటును ఈ రెండు గ్రంథాలూ సమర్థించవు.

ఈ సాదృశ్యాన్ని బట్టి ఎవరు ఎవరి నుంచి గ్రహించారని తీర్పు చెప్పడం తొందరపాటు. సిద్ధిస్థానాన్ని దృఢబలుడు పూర్తిచేశాడు. వినయం కూడా పొరలు పొరలుగా ఏర్పడిన గ్రంథమే. కెన్నెత్ జిస్క్ 1991లో ప్రచురించిన గ్రంథంలో శ్రమణ సంఘాలు ఆయుర్వేద వికాసానికి ఆలంబనమయ్యాయని వాదించాడు. ఆ వాదంతో పూర్తిగా ఏకీభవించకపోయినా, వైద్యుడూ భిక్షువూ ఒకే వంటింటి భాష మాట్లాడారన్నంత వరకు సందేహం లేదు.

గంజి, పులిసిన గంజి

గంజికి గల పది ప్రయోజనాలను వినయం అంధకవింద గ్రామ సందర్భంలో చెబుతుంది. ఆకలిని, దప్పికను తీర్చడం, వాతాన్ని అనులోమం చేయడం, వస్తిని శుభ్రపరచడం, మిగిలిన ఆమాన్ని పచనం చేయడం వాటిలో ఐదు. వాతానులోమనం, ఆమపచనం అనే రెండూ ఆయుర్వేద పరిభాషలోవే. పేయ గుణాలను చెప్పేటప్పుడు చరకుడు కూడా ఆకలి, దప్పికల శమనాన్ని, వాతమలాల అనులోమనాన్ని పేర్కొన్నాడు.

ఉదరవాతంతో బాధపడిన ఒక భిక్షువుకు లోణసోవీరకం తాగితే నెమ్మదించిందట. బుద్ధుడు దానిని రోగులకు నేరుగాను, ఆరోగ్యవంతులకు నీరు కలిపి పానీయంగాను అనుమతించాడు. మోప్కా కుండలు గుర్తుకు వచ్చేది ఇక్కడే. అయితే సాదృశ్యాన్ని సమానత్వంగా పొరబడరాదు. వ్యాఖ్యానం చెప్పే లోణసోవీరకం త్రిఫలాల రసం, అనేక ధాన్యాలు, పండ్లు, చేపమాంసాల ముక్కలు, తేనె, సైంధవలవణం కుండలో పెట్టి మూతికి లేపనం చేసి, ఒకటి నుంచి మూడేళ్ళు ఊరనిచ్చిన ఔషధం. రాత్రికి రాత్రి నానే బాసీ గాని, కొన్నాళ్ళు పులిసే తరవాణి గాని అది కాదు. పులిసిన ధాన్యపు నీరు వాతాన్ని అణచి, ఆకలి పుట్టిస్తుందన్న అనుభవం ఒక్కటే వీటిని కలుపుతున్నది. అంతకు మించి చెప్పడం చరిత్ర అనిపించుకోదు.

రాళ్ళు చెప్పేది

ఏడవ శతాబ్దంలో హ్యూయెన్‌త్సాంగ్ కళింగం నుంచి దక్షిణ కోసలకు, అక్కడి నుంచి ఆంధ్రదేశానికి, ఆపై ధాన్యకటకానికి సాగాడు. కోసలలో ఆచార్య నాగార్జునుని గాథలు విన్నాడు. నేటి బిలాస్‌పూర్ ప్రాంతం ఆ దక్షిణ కోసలలోనిదే. దగ్గరలోని మల్హార్‌లోనూ, మహానది తీరాన సిర్పూర్‌లోనూ బౌద్ధ అవశేషాలున్నాయి. సిర్పూర్‌లో 1953-56 మధ్య ఎం.జి. దీక్షిత్ తవ్వకాల్లో బయల్పడిన ఆనందప్రభ విహార శాసనం భిక్షువుల భోజన ఏర్పాటును ప్రస్తావిస్తుంది. ఆంధ్రదేశంలో తొట్లకొండ మీద భోజనశాల, రాతిలో తొలిచిన నీటితొట్లు సంఘజీవనంలో అన్నపానాల నిర్వహణకు సాక్ష్యాలు. నాగార్జునకొండ శాసనం ఒకదానిలో కనిపించే ‘విగతజ్వరాలయ’ పదాన్ని జ్వరపీడితులకు ఉద్దేశించిన ఆలయంగా వైద్యచరిత్రకారులు వ్యాఖ్యానించారు. విహారాల్లో దొరికే సన్నికల్లు, పొత్రం మందు నూరినవో, పచ్చడి నూరినవో ఆకారాన్ని బట్టి తేల్చలేము. ఈ విషయంలో మితభాషణమే మేలు.

హ్యూయెన్‌త్సాంగ్ తరువాత వచ్చిన ఇత్సింగ్ నలందాలో చూసిన ఆచారాలను వివరంగా రాశాడు. రోగం తోచగానే ముందు ఆహారం మానడం, ఆకలి పుట్టిన తరువాతే తినడం వాటిలో ముఖ్యం. మన ‘లంఖణం పరమౌషధం’ సామెత సారం అదే. కరక్కాయ పెచ్చు, శొంఠి, చక్కెర సమపాళ్ళలో నూరి చేసే మాత్రలను అతడు జీర్ణానికి, వాతానికి ప్రశంసించాడు. కరక్కాయ, శొంఠి మన పెద్దల మందుల పెట్టెల్లో ఈనాటికీ ఉన్నాయి.

పరిచర్య

ఈ నమోదులను మందుల పట్టికగా మాత్రమే చదివితే ముఖ్యమైనది జారిపోతుంది. మహావగ్గం ఎనిమిదవ ఖంధకంలో కుచ్ఛివికారంతో, అంటే ఉదరరోగంతో, తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువు ప్రసక్తి వస్తుంది. అతడు తమకు ఏ పనికీ ఉపకరించడని తోటివారు పట్టించుకోలేదు. బుద్ధుడు స్వయంగా నీళ్ళు పోయగా, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తల, కాళ్ళు పట్టి ఎత్తి మంచంపై పడుకోబెట్టారు. తరువాత సంఘాన్ని సమావేశపరచి, ఒకరినొకరు చూసుకోకపోతే తల్లిదండ్రులు లేని మీకు ఇంకెవరున్నారని మందలించి, తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయాలన్నాడు. మలమూత్రాలను, వాంతిని తీసివేయడానికి ఏవగించుకోకపోవడం మంచి పరిచారకుని లక్షణాలలో ఒకటిగా అక్కడే చెప్పబడింది.

ఏళ్ళ తరబడి కడుపు బాధతో ఉన్నవారు దానిని బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. ఏకభోజనం, దొరికిన భిక్షతో సరిపెట్టుకోవడం ఆచారమైన భిక్షుజీవితంలో ఆ మౌనం మరింత సహజం. వినయం మాత్రం రోగి తనకు పడేది, పడనిది, రోగం పెరిగినది, తగ్గినది ఉన్నదున్నట్లు పరిచారకునికి చెప్పాలని కోరింది. ఇక్కడి ప్రస్తావనలను చికిత్సా సూచనలుగా గ్రహించరాదు. క్షారజలం, విరేచనాలు సొంతంగా ప్రయోగించదగినవి కావు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా మారిన విసర్జన అలవాటు ఉంటే వెంటనే వైద్యుని చూడాలి. అలా వెళ్ళడానికి సంకోచించే తోటివారిని వెంటబెట్టుకొని తీసుకువెళ్ళడం ఖంధకం కోరిన పరిచర్యలో భాగమే.

పరిశోధకులు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. భేసజ్జఖంధకంలోని ద్రవ్యనామాలకు, వ్యాఖ్యానార్థాలకు, సంహితల పర్యాయాలకు, తెలుగు వాడుక పేర్లకు సమన్వయ సూచిక కావాలి. పాలి తెలిసిన భిక్షువులు, మూలికలు గుర్తించగల వైద్యులు, తవ్వకాల్లో దొరికిన గింజలను పరీక్షించే పురావృక్ష శాస్త్రజ్ఞులు కలిసి కూర్చుంటేనే అది సాధ్యం. బాసీ, తరవాణి చేసే విధానాలను కూడా చేసేవారి మాటల్లోనే నమోదు చేయాలి. తరవాణి కుండ వాడిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ఆ నమోదును మోప్కా, బిలాస్‌పూర్ తెలుగు ఇళ్ళ నుంచి మొదలుపెట్టవచ్చు.