ప్రొద్దుటూరు దసరా మెరవణి – సర్కారు జీపు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట గండికోట గురించి రాద్దామనుకున్నాను. కోట గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. ఉత్సవాల రోజుల్లో ఊళ్ళో తిరిగిన సర్కారు వాహనాల గురించి, వాటిని నడిపిన డ్రైవర్ల గురించి రాసినవారు నాకు కనపడలేదు. సర్వీసులో ఎక్కువ కాలం ఆ వాహనాల లాగ్‌బుక్కులు రాసినవాణ్ణి కనుక ఈ పని నాకు తగినదే అనిపించింది.

మన ప్రొద్దుటూరు దసరాను రెండో మైసూరు దసరా అంటారు. పోలిక బాగానే ఉంది గానీ, రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మైసూరుది రాజుగారి ఉత్సవం. మహారాజు ఏనుగు మీద అంబారీలో కూర్చుని ఊరేగేవారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాక ఆ అంబారీ చాముండేశ్వరీ అమ్మవారిదైంది. అక్కడ ప్రభుత్వమే ఉత్సవం జరుపుతుంది కాబట్టి ప్రభుత్వ వాహనాలకు అందులో స్థానం ఉంటుంది. ప్రొద్దుటూరులో రాజు లేడు. బంగారం, పత్తి వ్యాపారాలతో పెరిగిన ఊరు. ఇక్కడ ఉత్సవం అమ్మవారిశాలది, శివాలయానిది, వీధుల్లోని జనానిది. అమ్మవారి వాహనం ముందు మంత్రి కారైనా, కలెక్టరు కారైనా పక్క సందులో ఆగవలసిందే. నేను చూసినంత కాలం ఆ మర్యాద తప్పలేదు.

దసరా ముగింపులో జరిగే తొట్టి మెరవణి చూసినవారికి ఆ రాత్రి సంగతి చెప్పనక్కరలేదు. చూడని మనుమల కోసం కొంచెం రాస్తాను. ముందు మేళాలు, వేషాలు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కళాకారుల బృందాలు, వెనుక పూలతో దీపాలతో అలంకరించిన అమ్మవారి వాహనం. అరుగుల మీద, మిద్దెల మీద ఎక్కడ చూసినా జనమే. పాతకాలంలో పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచేవారు. తరువాత జనరేటరు బండి వచ్చింది. ట్యూబులైట్లు పట్టుకున్నవాళ్ళు రెండు వరుసలుగా నడుస్తారు, వాళ్ళందరినీ కలుపుతూ వెనుక జనరేటరు దాకా ఒకటే వైరు. ఈ వైరు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. జనం పక్కకు జరగగలరు గానీ వైరు జరగదు. కాబట్టి మెరవణిని మధ్యలో తెంచుకుని ఏ వాహనమూ ఆ పక్క నుంచి ఈ పక్కకు దాటలేదు.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాను, గుమస్తా బుద్ధి పోదు గదా. ఊరేగింపు ఏ దారిన పోవాలో, ఎప్పుడు పోవాలో నిర్ణయించే అధికారం 1861 నాటి పోలీసు చట్టం సెక్షను 30 ద్వారా పోలీసు అధికారులకు ఉంది. 1974 నుంచి 2024 జూన్ దాకా అమలులో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడు కింద రెవెన్యూ అధికారి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో బందోబస్తుకు హాజరయ్యేవారు. మోటారు వాహనాల విషయానికి వస్తే, 2017 దాకా అమలులో ఉన్న 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ఊరేగింపు పక్కగా పోయే వాహనం గంటకు 25 కిలోమీటర్ల వేగం మించరాదని ఉండేది. మెరవణి నాడు గాంధీ రోడ్డులో ఆ వేగంలో పదో వంతు దొరికితే అదృష్టమని ఆ నిబంధన రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇప్పుడు 1983 సంగతి. దసరా దశమి, మొహరం పదో రోజు రెండూ చంద్రుని లెక్క ప్రకారం వచ్చేవే. సుమారు 33 ఏళ్ళకొకసారి ఆ రెండు నెలలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. 1982, 1983లలో అలా పడ్డాయి. మళ్ళీ 2015, 2016, 2017లలో పడ్డాయి. మన సీమలో పీర్ల పండుగ హిందువులు కూడా చేసుకునేదే, అగ్నిగుండం దగ్గర అందరూ ఉంటారు. అయినా అవే వీధుల్లో ఒకటి రెండు రోజుల ఎడంలో రెండు ఊరేగింపులంటే అధికారులకు నిద్ర ఉండదు. నేను అప్పుడు ముప్పైలు దాటిన గుమస్తాను. మా అధికారిగారితో పాటు ఫైళ్ళ సంచీ పట్టుకుని జీపులో ఎక్కాను.

జీపు నడిపినది పులివెందుల వైపు పల్లెకు చెందిన పెద్దమనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు, ఎంత వద్దన్నా మానలేదు. బండిని ఊళ్ళో ఎక్కడ ఆపినా మూతి బయటి రోడ్డు వైపు తిప్పి పెట్టేవాడు. మెరవణి దగ్గర హారన్ కొట్టేవాడు కాదు. డప్పుల మోతలో అది వినపడదు, వినపడితే పశువులు బెదురుతాయి, బెదరకపోతే కుర్రవాళ్ళు రేగుతారు అనేవాడు. లైట్లు కిందికి దించి, నన్ను ముందు తువ్వాలు పట్టుకుని నడవమనేవాడు. సర్కారు జీపుకు దారి వదలని జనం నడిచే మనిషికి వదులుతారట. అది నిజమేనని నేను కాళ్ళు నొచ్చేలా నేర్చుకున్నాను.

ఆ రాత్రి అధికారిగారు పోలీసు అధికారులతో కలిసి మెరవణి వెంట కాలినడకన ఉన్నారు. జీపు జమ్మలమడుగు రోడ్డు వైపు ఆపి మేమిద్దరం కూర్చున్నాం. పదకొండు దాటాక ఒక నేతపని కుటుంబం వాళ్ళు ఒక ఆడమనిషిని మంచం మీద మోసుకొచ్చారు. నొప్పులు మొదలై మధ్యాహ్నమే అయిందట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. పెద్దాసుపత్రి మెరవణికి ఆ పక్కన ఉంది. మధ్యలో జనం, జనం మధ్యలో ఆ వైరు. చుట్టూ తిరిగి పోదామంటే సందులన్నీ బండ్లతో, ఎడ్లతో నిండి ఉన్నాయి.

నేను అధికారిగారిని వెతికి అనుమతి అడుగుదామన్నాను. డ్రైవరు ఒక్క క్షణం మెరవణి వైపు చూశాడు. “ఆయప్పను ఎతికి పట్టుకునేసరికి రెండు గంటలైతాది సార్. ముందుకు పోయేది కాదు, ఎనక్కి పోదాం. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి ముప్పావు గంట” అన్నాడు. నేను సరేనన్నానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. ఎక్కి కూర్చున్నాను మాత్రం గుర్తుంది.

ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎదురుగా మెరవణి చూడటానికి వచ్చే ఎద్దుల బండ్లు వరుసగా. ఆయన బండిని రోడ్డు అంచున దించుతూ, ఎక్కిస్తూ, వెనుక ఆమెకు కుదుపు తగలకుండా తీసుకుపోయిన తీరు నేను తరువాత ఏ డ్రైవరు దగ్గరా చూడలేదు. లండన్ మిషన్ వారు స్థాపించిన ఆ ఆసుపత్రి అప్పట్లో చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ కాన్పులకు పెద్ద దిక్కు. తల్లీ బిడ్డా దక్కారు. మేము తెల్లవారక ముందే ప్రొద్దుటూరు చేరి, జీపును అదే చోట, అదే మూతితో నిలబెట్టాం. అధికారిగారు వచ్చి ఎక్కి నిద్రపోయారు.

మరునాడు లాగ్‌బుక్కు రాయవలసినది నేను. మీటరు 52 కిలోమీటర్లు చూపుతోంది. సర్కారు బండిలో ప్రైవేటు మనిషిని ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. “ప్రసవ కేసు, అత్యవసరం, జమ్మలమడుగు” అని రాసి అధికారిగారికి చూపితే ఆయన సంతకం చేసేవారే, మంచి మనిషి. నేను భయపడ్డాను. “లోకల్, దసరా బందోబస్తు” అని రాశాను. ఆయన చదవకుండానే సంతకం చేశారు.

కొన్నేళ్ళ తరువాత ఆడిట్ పార్టీ వచ్చింది. వారి ప్రశ్న న్యాయమైనదే. రోడ్లన్నీ మూసివేసిన మెరవణి రాత్రి ఊళ్ళోనే ఒక జీపు 52 కిలోమీటర్లు ఎలా తిరిగింది? డీజిలు దుర్వినియోగం, బాధ్యుడైన డ్రైవరు నుంచి రికవరీ అని పేరా పడింది. మొత్తం వంద రూపాయలు దాటదు. జవాబు రాసేనాటికి ఆ అధికారిగారు బదిలీ అయిపోయారు, నాకూ వేరే సీటు ఇచ్చారు. పేరా అలాగే పెండింగులో ఉండిపోయింది. ఫైలులో పేరా నిద్రపోతుంది గానీ చావదని మనందరికీ తెలుసు.

1991లో ఆ డ్రైవరు పదవీ విరమణ చేశాడు. 1980 నాటి సవరించిన పింఛను నియమాల ప్రకారం ప్రభుత్వానికి బాకీ ఉంటే గ్రాట్యుటీ నుంచి మినహాయించవచ్చు. బాకీ ఎంతో తేలేదాకా నో డ్యూ సర్టిఫికెట్టు ఇవ్వమని కూర్చున్నారు. ఎనిమిది నెలలు. ఆయన పులివెందుల దగ్గర ఎకరంన్నరలో చీనీ మొక్కలు నాటుకున్నాడు, గ్రాట్యుటీ రాగానే బోరు వేయించాలని. ఆ వేసవిలో కుండలతో నీళ్ళు మోసి పోశారట. సగం పైన ఎండిపోయాయి. చివరికి ఆయనే చలానా కట్టి రసీదు తెచ్చి ఇచ్చాడు. జమ్మలమడుగు మాట ఒక్కరి దగ్గర కూడా ఎత్తలేదు. ఎత్తితే తప్పుడు పద్దు రాసింది ఎవరో తేలేది.

తరువాత నేను పులివెందులలో కొంతకాలం పనిచేశాను. 2004 తరువాత ఆ ఊరికి ముఖ్యమంత్రిగారు వచ్చినప్పుడల్లా కాన్వాయ్‌ల కోసం వాహనాలు కూడగట్టే పని మాపై పడేది. అక్కడ కార్లే ఊరేగింపు. ఏ బండి వెనుక ఏ బండి ఉండాలో కాగితం మీద వరుస వేసి ఇచ్చేవారు. అంతకు ముందు 1982లో ఎన్.టి. రామారావు గారు పాత షెవ్రొలె వ్యాన్‌ను చైతన్యరథంగా చేసి, కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. ఢిల్లీలో రిపబ్లిక్ దినోత్సవానికి రాష్ట్రపతి గుర్రపు బగ్గీలో రావడం 1984 తరువాత ఆగి, నలభై ఏళ్ళు కారులోనే వచ్చి, 2024లో మళ్ళీ బగ్గీ ఎక్కారు. అధికారం ఏ బండి ఎక్కినా దానికి దారి ముందే సిద్ధమై ఉంటుంది. ఆ కాన్వాయ్ రోజుల లాగ్‌బుక్కులూ నేనే రాశాను. వందల కిలోమీటర్లు రాసినా వాటి మీద ఒక్క అభ్యంతరం కూడా వచ్చిన గుర్తు లేదు.

ఆ డ్రైవరు ఇంటికి 1992లో ఒకసారి పోయాను. జరిగింది ఒప్పుకుని, ఆ డబ్బు ఇవ్వబోయాను. తీసుకోలేదు. “ఆ యమ్మ ఎవరో గానీ సార్, దోవంతా మెరవణి చూడకుండా పోతి నని ఏడ్చింది, నొప్పులకు కాదు” అని నవ్వాడు. తరువాత బతికిన చీనీ చెట్ల కింద నుంచి ఏరిన కాయలు సంచీ నిండా పోసి, బస్సు దాకా తానే మోసుకొచ్చాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆయన కుటుంబ సభ్యులలో ఎవరికైనా ఈ సంచిక చేరుతుందని కార్యదర్శి గారు అన్నారు కనుక, ఆ 52 కిలోమీటర్లలో బందోబస్తుకు తిరిగినవి ఆరో ఏడో మాత్రమేనని, మిగిలినవన్నీ జమ్మలమడుగు ఆసుపత్రికి పోయి వచ్చినవని, ఆ పద్దు రాసిన గుమస్తాను నేనేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను.