ఎవరో పెంచిన వేడి

మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిట్టి ఈగలకు ఒక బంధువుంది. పేరు డ్రొసోఫిలా బుస్కీ. 1960ల మొదట్లో ఇటలీలో ఫెరూచియో రిటోసా అనే పాతికేళ్ల జన్యుశాస్త్రవేత్త ఈ ఈగ లార్వాల లాలాజల గ్రంథుల్ని బయటికి తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తుండేవాడు. మామూలు కణాల్లో దారప్పోగుల్లా ఉండే క్రోమోజోములు ఆ గ్రంథుల్లో అడ్డచారల మోకుల్లా లావుగా కనిపిస్తాయి. ఏ జన్యువు పనిలోకి దిగితే ఆ చోట మోకు ఉబ్బుతుంది. జన్యువు పని చేయడాన్ని కంటితో చూడాలంటే అప్పట్లో ఇంతకు మించిన చోటు లేదు.

ఒకరోజు ఆ ఉబ్బులు ఎప్పుడూ లేని చోట్ల లేచాయి. ఆరా తీస్తే, ప్రయోగశాలలో ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచారని తేలింది. ఇంకొకరైతే ఆ గ్రంథుల్ని పారబోసి, మీట ముట్టుకోవద్దని చీటీ అంటించి ఊరుకునేవారేమో. రిటోసా కావాలనే మళ్లీ వేడి పెట్టాడు. కొద్ది నిమిషాల్లో అవే ఉబ్బులు. వేడి లేకుండా డైనైట్రోఫినాల్, సోడియం సాలిసిలేట్ లాంటి రసాయనాలు తగిలించినా అవే. ఒక పేరున్న పత్రిక, దీనివల్ల జీవశాస్త్రానికి ఒరిగేదేమీ లేదన్నట్టు ఈ వ్యాసాన్ని తిప్పిపంపిందని ఆయనే తర్వాత గుర్తుచేసుకున్నాడు. చివరికి 1962లో ‘ఎక్స్‌పీరియెన్షియా’ అచ్చువేసింది.

ఆ ఉబ్బుల్లోంచి ఏం తయారవుతోందో తెలియడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 1974లో ఆల్‌ఫ్రెడ్ టిసియేర్, హెర్షెల్ మిచెల్, ఉర్సులా ట్రేసీ వేడి తగిలిన ఈగ కణజాలంలో కొత్తగా పుట్టుకొచ్చే ప్రోటీన్లను జెల్ మీద చారలుగా పట్టుకున్నారు. అవే హీట్ షాక్ ప్రోటీన్లు. పేర్లు మాత్రం సంతలో సరుకులా తూకాన్ని బట్టే పెట్టారు. 70 కిలోడాల్టన్ల బరువుంటే హెచ్‌ఎస్‌పీ 70, 27 ఉంటే హెచ్‌ఎస్‌పీ 27. తర్వాత బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా ఎవరిలో వెతికినా ఇవే కనిపించాయి.

ఇవి చేసే పనికి ‘మాలిక్యులర్ షాపరోన్’ అనే మాట ఉంది. 1978లో రాన్ లాస్కీ కప్పగుడ్లలోని ఒక ప్రోటీను గురించి ఆ మాట వాడితే, 1987లో జాన్ ఎల్లిస్ దాన్ని ఇలాంటి ప్రోటీన్లన్నిటికీ విస్తరించాడు. మనకైతే తోడుపెళ్లికూతురు అంటే సరిపోతుంది. పీటల దాకా పక్కనే ఉంటుంది, పెళ్లి మాత్రం తనది కాదు. వేడికి కోడిగుడ్డు సొన గడ్డకట్టినట్టు కణంలోని ప్రోటీన్లు మడతలు చెడి ఒకదానికొకటి అతుక్కోకుండా ఇవి కాపలా కాస్తాయి, మడత సరిగా కుదిరాక తప్పుకుంటాయి.

చిక్కేమిటంటే, తోడు వచ్చేది ఏ పెళ్లికని ఇవి అడగవు. క్యాన్సర్ కణం కూడా ఆక్సిజన్ చాలక, వంకర ప్రోటీన్లతో కిక్కిరిసి, నిత్యం కష్టంలో ఉండేదే. చావాల్సిన కణాన్ని హెచ్‌ఎస్‌పీ 27, 70 చావనివ్వవు. ఈ ప్రోటీన్లను పురమాయించే హెచ్‌ఎస్‌ఎఫ్ 1 లేని ఎలుకల్లో కణితులు బాగా తక్కువగా పుడతాయని 2007లో సూసన్ లిండ్‌క్విస్ట్ బృందం చూపించింది.

దాంతో, పెద్దపేగు కణితిలో ఇవి ఎంతున్నాయో చూసి రోగం ఎటు నడుస్తుందో ముందే చెప్పొచ్చా అన్న ప్రశ్న వచ్చింది. కణితి ముక్కలకు రంగు వేసి చూసిన అధ్యయనాలు చాలానే వచ్చాయి. ఎక్కువుంటే ముప్పని కొన్ని, పెద్ద తేడా లేదని మరికొన్ని చెప్పాయి. కణితి లోపలంతా కష్టకాలమే గనుక ఇవి ఎక్కువగా ఉండటం పెద్ద వింతేమీ కాదు. అందుకే ఇది బలహీనమైన గుర్తని నాకనిపిస్తుంది.

నాకు ఆసక్తి కలిగించింది హెచ్‌ఎస్‌పీ 110 కథ. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం కణితుల్లో డీఎన్‌ఏ తప్పులు దిద్దే యంత్రాంగం పాడై ఉంటుంది. ఒకే అక్షరం వరసగా వచ్చే చోట్ల నకలు తీసేటప్పుడు లెక్క తప్పుతుంది. హెచ్‌ఎస్‌పీ 110 జన్యువులో పదిహేడు ‘టీ’ అక్షరాల వరస ఒకటుంది. అది కురచైతే ప్రోటీను కూడా ఒక ముక్క పోగొట్టుకుని తయారవుతుంది. ఈ కుంటి ప్రోటీను తాను పనిచేయకపోగా, పక్కనున్న మంచిదాన్నీ పట్టుకుని పని చేయనివ్వదు. కాపలా పోయిన కణితి కీమోకు లొంగుతుంది. ఫ్రాన్స్‌లో అలెక్స్ డ్యువాల్ బృందం 2011లో దీన్ని బయటపెట్టింది. ఆ వరస బాగా కురచైన రోగులు కీమో తర్వాత మెరుగ్గా ఉన్నారని మరికొన్నేళ్లకు చెప్పింది. మిగతా చోట్ల చేసిన పరీక్షల్లో ఫలితం ప్రతిసారీ అలాగే రాలేదు.

ఇవాళ పెద్దపేగు కణితి రిపోర్టు చేతికొస్తే అందులో దశ ఉంటుంది, ఆ దిద్దుబాటు లోపం ఉందా లేదా అన్నది ఉంటుంది, అవసరమైతే కేరాస్, బీరాఫ్ జన్యువుల వివరాలూ ఉంటాయి. హీట్ షాక్ ప్రోటీన్లకు మాత్రం అందులో ఇంకా గడి లేదు.